వెనక షాక్ అబ్జార్బర్లకు చిటికి కట్టిన శనివారం: మలక్‌పేట నుంచి కర్మన్‌ఘాట్ దాకా

ఏ కార్యం ఆరంభించినా ముందుగా దేశాన్నీ కాలాన్నీ పేరు పెట్టి చెప్పుకోవడం మా పెద్దలు నేర్పిన పద్ధతి. కనుక అదే చేస్తాను. దేశం: మూసీకి ఇవతలి ఒడ్డున మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా సాగే తూర్పు హైదరాబాదు. కాలం: ప్రత్యేక తెలంగాణ కోసం జనం ఇళ్లలో కంటె రోడ్ల మీద ఎక్కువసేపు గడుపుతున్న కాలం, ఋతువు వర్షం, వారం స్థిరవారం. కార్యం: పద్దెనిమిదేళ్ల వయసున్న నా మోటారు సైకిలు వెనక షాక్ అబ్జార్బర్లను తక్కువ ఖర్చుతో దుమ్ము నుంచి, బురద నుంచి రక్షించడం. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద సంకల్పం దేనికని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. ఆ రోజు ఆ రెండు స్ప్రింగుల మీద మోయవలసినది నా బరువు ఒక్కటే కాదు.

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి మన్సూరాబాద్‌లో ఉంటున్నాను. రెండు వీధుల అవతల సుబ్బారావుగారు ఉంటారు. ఆయనా ఉపాధ్యాయుడే, తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డారు. కర్మన్‌ఘాట్ గుడికి కొంచెం అవతల ఒక కాలనీ మందిరంలో ప్రతి శనివారం సాయంత్రం మేమిద్దరం పురాణం చెబుతాము. నేను పద్యం చదువుతాను, ఆయన తాత్పర్యం చెబుతారు. పురాణ కాలక్షేపంలో ఇది పాత సంప్రదాయం: చదివేవాడు ఒకడు, చెప్పేవాడు ఒకడు, ఇద్దరిలో ఒకరు లేకపోతే గ్రంథం పెట్టే పీఠం వేయరు. పదకొండేళ్లుగా పీఠం వేస్తూనే ఉన్నాము. రాష్ట్రం వేరు కావాలని నేను కోరుతున్నాను, కాకూడదని ఆయన కోరుతున్నారు. ఈ వాదం నా బండి మీద మన్సూరాబాద్‌లో మొదలై కర్మన్‌ఘాట్‌లో ఆగేది. మందిరంలో పద్యం, తాత్పర్యం మాత్రమే.

ఆ వానాకాలంలో చిక్కు వచ్చింది. ఎల్బీనగర్ రోడ్డు మధ్య పైన నడిచే రైలు దారి స్తంభాల కోసం గుంతలు తవ్వారు, మట్టి పక్కన పోశారు. ఎండ కాస్తే దుమ్ము, చినుకు పడితే బురద. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే స్ప్రింగు లోపల ఒక నున్నని ఉక్కు కడ్డీ నూనెలో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ నూనె బయటికి రాకుండా ఒక రబ్బరు సీలు కాపలా కాస్తుంది. మట్టి రేణువులు కడ్డీ మీద చేరితే ఆ సీలును ఉలితో చెక్కినట్టు చెక్కేస్తాయి. రెండు నెలల్లో రెండుసార్లు సీళ్లు మార్పించాను. ఆ రోజుకు ముందటి శనివారం ఒక గుంతలో వెనక భాగం ఠక్కుమని కిందికి తగిలింది. నడుములో పూస జారి మందులు వాడుతున్న సుబ్బారావుగారు బండి దిగి, రోడ్డు పక్కన రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, ఇంకొక్క దెబ్బ ఇలాంటిది తగిలితే నన్ను మంచంతో సహా మోసుకెళ్లాలండీ. బండి బాగుంటేనే వచ్చే వారం వస్తాను. ఆటో అయితే ఇంతకంటె ఘోరం," అన్నారు.

ఆనాడు మేము ఆలస్యంగా చేరాము. మందిరం కార్యదర్శి మమ్మల్ని పక్కకు పిలిచి, రోజులు బాగా లేవనీ, మీరిద్దరూ చెరొక వైపు వారనీ, గొడవలు చల్లారే దాకా పురాణం ఆపుకుంటే మంచిదనీ అన్నారు. మేము ఒప్పుకోలేదు. "సరే, వచ్చే శనివారం ఇద్దరూ వస్తే చూద్దాం. ఒక్కరే వస్తే ఇక ఆపినట్టే అనుకోండి," అని ముగించారు. నేను పెద్ద వర్క్‌షాపుకు వెళ్లి అడిగాను. కొత్త జత రెండు వేల నాలుగు వందలన్నారు. ఈ రోడ్ల మీద అదీ మూడు నెలలే అన్నారు. ఈ బండిని ఇంకా ఉంచుకోవడం దండగ, అమ్మేయమన్నారు. ఆ మాట విన్నాక నాకు పట్టుదల హెచ్చింది. రోడ్డు మట్టి వల్ల ఆగిపోయిన పురాణాన్ని ఉద్యమం వల్ల ఆగిపోయిందని లోకం చెప్పుకుంటుంది. పద్యం ఒక దిక్కు, తాత్పర్యం ఒక దిక్కు పోయాయని చెప్పుకుంటుంది. ఒక రబ్బరు సీలు చేసిన చేటుకు ఇంత పెద్ద అబద్ధం పుట్టడానికి నేను సమ్మతించలేదు.

శనివారం ఉదయం ఏడున్నరకు మన్సూరాబాద్‌లో బయలుదేరాను. ఆ రోజు మధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంటుందని ముందే ప్రకటించారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, బంతులు తీరి తిని, ఆ విధంగా రాకపోకలు స్తంభింపజేసే నిరసన అది. పదకొండు దాటితే బస్సులు, ఆటోలు ఆగిపోతాయి. ఎల్బీనగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ మీదుగా మలక్‌పేట చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. రాత్రి వాన పడింది. నా ధోవతి అంచు కొత్తపేటకే రంగు మారింది.

మలక్‌పేటలో రేసుకోర్సు గోడకు ఎదురుగా ఉన్న సందులో జహంగీర్ అనే మెకానిక్ ఉన్నాడు. నా ఈడువాడే. షాక్ అబ్జార్బర్లు విప్పి లోపలి నూనె, సీళ్లు మార్చడం తెలిసినవారు ఈ వైపు తక్కువ. అతను వారిలో ఒకడు. వెనక చక్రం దగ్గర కూర్చుని, నేను చేసిన ఏర్పాటును వేలితో నొక్కి చూశాడు.

"పంతులు సాబ్, ఏంది ఇది? షాకప్‌కు పట్టీలు కట్టినరు. దెబ్బ తగిలిందా దీనికి?" అన్నాడు.

నేను చేసిన పనిని దాచడం ఈ వ్యాసం చదివేవారికి ద్రోహం అవుతుంది. మా ఇంట్లో తాతగారి నాటి తాళపత్రాల కట్టలున్నాయి. ఏడాదికొకసారి ఆకులకు నూనె పూసి, పాత పట్టుగుడ్డలో గట్టిగా చుట్టి, దారంతో బిగించి పెడతాము. నూరేళ్లు దాటినా వాటిలో దుమ్ము చొరలేదు. రెండవసారి సీళ్లు మార్పించినప్పుడు అదే విధి షాక్ అబ్జార్బర్లకూ చేశాను. ఆముదం పూశాను, పట్టుగుడ్డ చుట్టాను, పైనా కిందా బిగించి కట్టాను. శాస్త్రం తప్పలేదని సంతోషించాను కూడా.

జహంగీర్ గుడ్డ విప్పి వేళ్ల మధ్య రాశాడు. నల్లని ముద్ద గరగరమన్నది. "ఆముదమా? అచ్చా. ఆముదం పూస్తే మట్టి వొద్దన్నా పోదు సాబ్. కింద కట్టేసినరు గదా, వచ్చిన నీళ్లు గూడ అక్కడ్నే ఉన్నయ్. సాన పట్టినట్టే పట్టినరు." తరువాత నా ముఖం చూసి, "పట్టుగుడ్డ మాత్రం మంచిగుంది," అన్నాడు.

తాళపత్రం కదలదు, కడ్డీ కదులుతుంది. ఇంత చిన్న భేదం నాకు తట్టలేదు. ఎడమ వైపు సీలు చెమ్మగిల్లింది. కడ్డీ మీద వెంట్రుకవాసి గీతలు రెండు కనిపించాయి. జహంగీర్ కిరోసిన్‌తో కడిగి, కొత్త సీలు వేసి, నూనె నింపి, రెండు గంటల్లో బిగించాడు. నూనె, సీలు, కూలి కలిపి మూడు వందలు. కడ్డీని వెలుతురు వైపు తిప్పి చూపిస్తూ, "ఇది ఆఖరు. ఇంకోసారి మట్టి చొచ్చిందంటే కడ్డీ పోతది, నాతోని కాదు. కవర్ ఉండాలె. కానీ గాలి ఆడాలె, నీళ్లు కిందికి పోవాలె," అన్నాడు. అటువంటిది ఎవరు కుడతారని అడిగితే, దిల్‌సుఖ్‌నగర్‌లో సీటు కవర్లు కుట్టే అండాలమ్మ పేరు చెప్పాడు. "నోరు జర ఎక్కువ. చెయ్యి ఇంకా మంచిది," అని కూడా చెప్పాడు.

పదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్ చేరి, ముందుగా విడిభాగాల దుకాణంలో తయారు కవర్లు అడిగి చూశాను. ఉన్నాయి, జత ఆరు వందల యాభై. అవి ఖరీదైన బళ్లకు సరిపోయేవి, నా బండికి చక్రాన్ని రాసుకుంటాయి. ఇటువంటి ప్రయాణం చేయదలచినవారు ఆ దుకాణాల దగ్గర కాలం వెచ్చించవద్దు. బస్టాండు వెనక రెండవ సందులో, రెండు కుట్టుమిషన్లున్న చిన్న మడిగె అండాలమ్మది. భూదాన్ పోచంపల్లి దగ్గరి పల్లెలో నేత కుటుంబం. మగ్గం నడవక ఇరవై ఏళ్ల కింద భర్తతో నగరానికి వచ్చి, రెగ్జిన్ కుట్టుపని నేర్చుకున్నది. యాభై దాటిన మనిషి. నేను వెళ్లేసరికి ఒక పెద్ద గిన్నెలో కూరగాయలు సర్దుతున్నది.

"పన్నెండు గొట్టంగ దుకాణం బంద్ జేస్త సారూ. ఎల్బీనగర్‌ల వంటావార్పుకు పోతున్న. సోమారం రా," అన్నది తల ఎత్తకుండానే.

సోమవారం నాకు పనికిరాదనీ, సాయంత్రం ఐదు గంటలకు ఈ బండి మీద ఒక నడుము నొప్పి మనిషిని కర్మన్‌ఘాట్ చేర్చకపోతే పదకొండేళ్ల పురాణం ఆగిపోతుందనీ చెప్పాను. జహంగీర్ దగ్గర కూర్చుని కొలతలతో నేను గీసుకొచ్చిన కాగితం చూపించాను. అందులో పైనా కిందా మూసిన గొట్టం వంటి సంచి ఉంది. జహంగీర్ హెచ్చరించినా, గీసేటప్పుడు నా చెయ్యి పాత అలవాటుకే పోయింది. ఆమె ఆ కాగితం చూసి, దానితోనే మిషను మీది నూనె తుడిచింది.

"గిది దిండు గలీబు. షాకప్‌కు తొడిగితే చెరువైతది," అని లేచి, బండి పక్కన గొంతుకూర్చుని, రెండు స్ప్రింగులనూ జానతో కొలిచింది. "సారూ, నువ్వు ఎన్నడన్న చిటికి కట్టుడు చూసినవా?"

చూడలేదన్నాను.

"నూలు రంగుల ముంచక ముందు, రంగు అంటొద్దనుకున్న కాడ సైకిల్ ట్యూబు సన్నగ కోసి బిగిచ్చి కడ్తం. కట్టిన కాడ చుక్క రంగు చొరది. అంటాల్సిన కాడ ఇడిచిపెడ్తం. అంతట కడితె చీర తెల్లగనే ఉంటది, ఎవ్వలు కొనరు. నీ దుమ్ము గూడ రంగే అనుకో. ఏడికెల్లి వస్తదో ఆడ కట్టాలె. ఏడికెల్లి పోవాల్నో ఆడ ఇడవాలె."

పని మొదలుపెట్టింది. సీటు కవర్లు కోయగా మిగిలిన మెత్తని రెగ్జిన్ ముక్కలు రెండు తీసి, స్ప్రింగు చుట్టూ వదులుగా తిరిగేటట్టు కోసి, పొడవునా అంటుకునే పట్టీ కుట్టింది. ఆ కుట్టు చక్రం వైపు కాక బయటి వైపు వచ్చేటట్టు తొడిగింది. పై అంచును స్ప్రింగు పైనున్న ఇనుప టోపీ మీదికి ఎక్కించి, పాత సైకిల్ ట్యూబు నుంచి వేలెడు వెడల్పు పట్టీ కోసి, సాగదీసి మూడు చుట్లు చుట్టి, కొసను ఆఖరి చుట్టు కిందికి దోపింది. ముడి లేదు, కొస పట్టి లాగితే క్షణంలో ఊడుతుంది, లాగకపోతే వాన తుపానైనా ఊడదు. కింది అంచును కట్టలేదు; గొడుగు అంచులాగా రెండు వేళ్ల సందు వదిలింది. తరువాత ఒక లారీ ట్యూబు ముక్కను వెనక మడ్‌గార్డు లోపలి అంచుకు తగిలించింది. చక్రం చిమ్మే బురద ముందు దానికి తగలాలన్నమాట. చక్రాన్ని చేత్తో తిప్పి, టైరుకూ చైనుకూ అది అందడం లేదని రెండుసార్లు చూసింది. సైలెన్సర్ వైపు రెగ్జిన్‌ను వేలెడు పొట్టిగా కోసింది. "వేడికి కమురువాసనొస్తె నన్ను తిడ్తవ్ మల్ల," అన్నది.

పట్టీ చుట్టడం నన్ను చేయమన్నది. మొదటిసారి కొస జారింది. రెండవసారి మెలిక పడింది. మూడవసారి బిగువు చాలలేదు.

"ఎన్నేండ్లు పాఠం చెప్పినవ్ సారూ?"

"ముప్పై నాలుగేళ్లమ్మా."

"పోరగాళ్లు ఒక్కపారి చెప్తె నేర్వకుంటె ఏం జేసెటోనివి?"

"గోడకుర్చీ వేయించేవాణ్ణి."

"అయితె ఇంకోపారి కట్టు. లేకుంటె గోడ ఆడున్నది," అని నవ్వింది. నాలుగవసారి కుదిరింది.

నూట ఇరవై రూపాయలన్నది. ఇవ్వబోతే చేత్తో వారించి, తన గిన్నెను చూపించింది. బస్సులు అప్పటికే ఆగిపోయాయి. "పైసలిద్దువు గని, ముందుగాల నన్ను ఎల్బీనగర్‌ల దింపు. నేనూ, గిన్నె, పది కిలోల బియ్యం. నీ నడుమునొప్పి సారు గింత బరువుంటడా?"

ఆయన ఇందులో సగం కూడా ఉండరన్నాను. "అయితె పరీక్ష గిదే," అని వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుని, గిన్నెను ఒళ్లో పెట్టుకున్నది. బియ్యం సంచి ట్యాంకు మీద, నా ముందు. పన్నెండుంబావుకు బయలుదేరాము.

కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు రోడ్డు ఎట్లా ఉంటుందో ఆ కాలంలో ఆ దారిన తిరిగినవారికి చెప్పనక్కరలేదు. వానకు నానిన గడ్డి, లారీల కింద నలిగిన బత్తాయిలు, తవ్విన గుంతల ఎర్రమట్టి కలిసి చీలమండ లోతు పంకం. నేను అలవాటుగా పక్కకు తప్పించబోతే వెనక నుంచి, "నడిమిట్లకెల్లె పోనియ్యి సారూ. ఎరకైతది," అని ఆజ్ఞ అయింది. నడిమిలోనుంచే పోయాను. బండి కిందికి దిగింది, పైకి లేచింది. ఠక్కుమన్న శబ్దం లేదు. ట్యూబు ముక్క మీద బురద దబదబ పడుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఆ దారి పొడుగునా నాకు, బండి అమ్మేయమన్న వర్క్‌షాపు మనిషి ముఖమే కనిపించింది. అతను ఆ నిమిషాన ఎదురుగా ఉంటే బాగుండుననుకున్నాను.

ఎల్బీనగర్ చౌరస్తాకు ఒంటిగంట అయింది. రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, డప్పులు, గులాబీ కండువాలు, అన్నం పొగలు. బండి ఆపగానే ఒక యువకుడు వెనక చక్రం చూసి, "పంతులు సారు బండికి లాగు తొడిగిండు రోయ్," అన్నాడు. పది మంది నవ్వారు.

"నేను కుట్టిన లాగే. నీకు గూడ కొలత తీస్కోవాల్నా?" అన్నది అండాలమ్మ దిగుతూ. ఈసారి నవ్వినవారు ఇరవై మంది.

ఆమె అక్కడే వంగి పట్టీ కొస లాగి, రెగ్జిన్ పైకెత్తింది. బయట వేలెడు మందం మట్టి. లోపల స్ప్రింగు మీద రెండు మూడు చినుకుల మరక. కడ్డీ అద్దంలాగా ఉంది. నేను వేలితో తాకి చూశాను, పొడిగా ఉంది. అప్పుడు నూట ఇరవై రూపాయలు తీసుకున్నది.

మన్సూరాబాద్ చేరేసరికి సుబ్బారావుగారు ఇస్త్రీ పంచెతో వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, "ఇవాళ వద్దండీ, చౌరస్తా నిండా జనం ఉన్నారట. మన మాట వినగానే పోల్చుకుంటారు," అంటున్నారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు, సీటు మీద రెండు చేతులూ ఆనించి నొక్కారు, రెగ్జిన్ గొట్టాలను కళ్లజోడు సవరించుకుని చూశారు.

"నా నడుము సంగతి మాస్టారు చూసుకున్నారు. నా మాట సంగతి నేను చూసుకుంటాలే," అని ఆమెతో చెప్పి ఎక్కారు.

కర్మన్‌ఘాట్ వెళ్లాలంటే చౌరస్తా దాటాలి, అది తప్పించుకోవాలంటే అడ్డదారులున్నాయి. ఆయనే అడ్డదారి వద్దన్నారు. "పదకొండేళ్లు రాజమార్గాన వెళ్లాం. ఇవాళ సందుల్లోంచి వెళ్తే ఆ కార్యదర్శి మాటే గెలిచినట్టు," అన్నారు. నేను కూడా అదే అనుకుంటున్నాను, కానీ ఆయనతో ఏకీభవించడం అలవాటు లేక ఊరుకున్నాను.

రెండున్నరకు చౌరస్తాలో బండి దిగి నడిపిస్తుంటే అండాలమ్మ గరిటెతో అడ్డం వచ్చింది.

"పంతులు సారూ, నడుమునొప్పి సారు ఈయనేనా?"

"నేనేనమ్మా," అన్నారు సుబ్బారావుగారు. "ఈ బండికి మీరే కుట్టారట. చాలా హాయిగా ఉందండీ."

ఆ యాస వినగానే చుట్టూ నాలుగైదు బంతుల్లో చేతులు ఆగాయి. లాగు మాట అన్న యువకుడే లేచి, "ఆంధ్రా సారా?" అని అడిగాడు. నేను బండి హ్యాండిలు గట్టిగా పట్టుకుని, ఈ మనిషి లేకపోతే నా పద్యానికి అర్థం లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

ఆయన నాకు అవకాశం ఇవ్వలేదు. "తెనాలి బాబూ. ముప్పై ఏళ్ల నుంచి మన్సూరాబాద్. రాష్ట్రం ఒకటిగానే ఉండాలని నా కోరిక. అడిగావు గనక చెప్పాను," అన్నారు, తరగతిలో చెప్పినంత నింపాదిగా.

అండాలమ్మ ఆయనను కింది నుంచి మీదికి చూసింది.

"మా కోరిక మాది, నీ కోరిక నీది. అన్నమైతె తిన్నవా?"

"లేదమ్మా."

"మల్ల నిలబడ్డవేంది? కూసో. గీడిదాంక వచ్చి తినకుంట పోతె మాకు మంచిగుంటదా?"

ఇద్దరం బంతిలో కూర్చున్నాము. విస్తరాకుల్లో అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. సుబ్బారావుగారు పచ్చిపులుసు కలుపుకుని రెండు ముద్దలు తిని, ఆలోచించి, "అమ్మా, దీన్ని కాస్త కాచి పోపు వేసి ఉంటే బ్రహ్మాండమైన చారు అయ్యేది," అన్నారు.

"కాస్తె నీ చారైతది సారూ. కాయకుంటెనే మా పచ్చిపులుసు. గీ ముచ్చట సమజైతలేదనే గదా రోడ్డు మీద కూసున్నం," అన్నది అండాలమ్మ, ఆయన ఆకులో మరొక గరిటె పోస్తూ. బంతి మొత్తం విరగబడి నవ్వింది. అందరికంటె ఎక్కువసేపు నవ్వినవారు సుబ్బారావుగారే. ఆ యువకుడు లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "వాదం మాత్రం ఒప్పుకోనమ్మా, పులుసు ఒప్పుకున్నాను," అని చెప్పి ఆయన లేచారు.

చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్ వైపు రింగు రోడ్డు మామూలు రోజుల్లో పదిహేను నిమిషాల ప్రయాణం. ఆ రోజు మట్టి లారీల వెనక ముప్పావుగంట పట్టింది. ముందు దుమ్ము, వెనక వాదం. మూడు పెద్ద గుంతల్లో బండి దిగింది. మూడింటిలోనూ ఆయన వాక్యం తెగలేదు. నాకు కావలసిన పరీక్షాఫలితం అదే.

నాలుగున్నరకు మందిరం చేరాము. కార్యదర్శి మెట్ల మీద ఉన్నారు. మమ్మల్నీ, మా బట్టల మీది మట్టినీ మార్చి మార్చి చూశారు. "చౌరస్తా మీదుగానే వచ్చారా? ఇద్దరూనా?" అని మాత్రం అడిగారు. "ఇద్దరమూ. అక్కడే భోంచేశాం," అన్నారు సుబ్బారావుగారు. మేము రాబోమన్న నమ్మకంతో, గ్రంథం పెట్టే వ్యాసపీఠాన్ని ఆయన అప్పటికే సామాన్ల గదిలో వేయించారు. తాళం చెవి ఇచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నారు. మేమే గది తీసి, పీఠం మోసుకువచ్చి, దాని స్థానంలో వేశాము. సుబ్బారావుగారు భుజం మీది కండువాతో పలక తుడిచి, గుడ్డను నాకు చూపించారు.

"ఇక్కడ కూడా దుమ్మే మాస్టారూ. ఒక్క వారానికే."

వినడానికి ఏడుగురు వచ్చారు. నేను పద్యం ఎత్తుకున్నాను. ఆయన తాత్పర్యం చెప్పారు. రెండవ పద్యం ముగిసేసరికి కార్యదర్శి కూడా వచ్చి, చివరి వరుసలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

ఈ మాటలు రాసేనాటికి ఆ వానాకాలం గడిచి, చలికాలం వచ్చింది. సీళ్లు మళ్లీ కారలేదు. రాష్ట్రం వస్తుందని నేను నమ్ముతున్నాను. రాకూడదని సుబ్బారావుగారు ఇప్పటికీ ప్రతి శనివారం నా వీపు వెనక నుంచి వాదిస్తున్నారు. ఏది జరిగినా పీఠం వేయడం మాత్రం మానబోమని ఇద్దరం ఒక్కమాటగా ఉన్నాము. నేను ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. విలువైనదాన్ని నలువైపులా బిగించి కట్టడమే రక్షణ అని ఇన్నేళ్లు అనుకున్నాను. కదలకుండా పడి ఉండేవాటికి అది చెల్లుతుంది. నిత్యం కదిలే వస్తువుకు, రోజూ తగాదాపడుతూ బతికే స్నేహానికి మాత్రం పైనుంచి పడే మట్టిని ఆపాలి, లోపల చేరినది జారిపోవడానికి కింద సందు వదలాలి. ఆ సందును కూడా మూయమని చెప్పేవారు ఇప్పుడు రెండు వైపులా ఉన్నారు. వారి మాట నేను వినను.

ఈ దారిన పోదలచినవారికి ఒక సలహా: కవరు తొడిగి మరచిపోవద్దు. వారానికొకసారి పట్టీ విప్పి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కడ్డీని తుడిచి, ఆరిన తరువాతే మళ్లీ కట్టండి. నూనె ఒక్క చుక్క కూడా పూయవద్దు.

మా తరువాత ఈ రోడ్ల మీద తిరగబోయేవారలారా, ఈ గుంతలు పూడి, ఈ దుమ్ము అణగిన నాటికి మీరు మాకంటె సుఖంగా ప్రయాణం చేయుదురు గాక. మీ చక్రాలకు రాజమార్గం తెరిచి ఉండు గాక. ఏ చౌరస్తాలో ఆగినా మీ మాట యాస అడిగినవారే మీకు ఆకు వేసి అన్నం పెట్టుదురు గాక. మీ బండి వెనక సీటు మీద, మీతో ఏకీభవించని మనిషి ఒకరు, నడుము నొప్పి లేకుండా, చిరకాలం కూర్చుని ఉండుదురు గాక.